బీదర్ కోటలో మా అవ్వ కొట్టిన గచ్చు

జహీరాబాదులో మా ఇంటి నుంచి బీదర్ కోట ముప్పై కిలోమీటర్లే. అయినా దాన్ని చూడాలని నాకెప్పుడూ అనిపించలేదు. కోటలు చూసేవాళ్లు వేరే ఉంటారనుకునేదాన్ని. నేను ఐదో తరగతి దాకా చదివాను. ముఖం మీద చిన్నప్పటి మశూచి మచ్చలు ఉండటం వల్ల నలుగురిలోకి పోవాలంటే కొంగు అడ్డం పెట్టుకునే అలవాటు. అలాంటి నేను పోయిన భాద్రపదంలో కారు మాట్లాడుకుని కోటకు పోవడానికి కారణం మా అవ్వ. మా అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం. ఆమె న్యాల్‌కల్ వైపు ఒక పల్లెలో మా అన్న దగ్గర ఉండేది. పడుచుతనంలో సున్నం పని చేసింది. ఆ దుమ్ము ఛాతీలో చేరి దగ్గుగా మిగిలింది. దవాఖానలో ఇక చేసేదేమీ లేదని చెప్పి ఇంటికి పంపారు. చూడటానికి పోయిన రోజు నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"బిడ్డా, బీదర్ ఖిలాకు పోయిరా. నేను కొట్టిన గచ్చు కురుస్తుందా లేదా చూసి చెప్పు."

నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు కోటలో ఒక పాత మహలు పైకప్పు బాగు చేయించారట. ఆ పనికి అవ్వ కూలికి పోయింది. సున్నం, ఇటుక ముక్కలు కలిపి పైన మందంగా పరిచి, ఆడవాళ్లు వరుసగా కూర్చుని చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టేవారు. మధ్యమధ్య బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు చల్లేవారు. మొదట్లో దెబ్బ మెత్తగా ధబ్ ధబ్ అంటుంది. బిగుసుకునే కొద్దీ గట్టిపడి, చివరికి రాతి మీద కొట్టినట్టు టంగుమంటుంది. దాన్ని అవ్వ "గచ్చు పలకడం" అనేది. పలికిన గచ్చులోంచి నీటిచుక్క దిగదట. ఒక్కొక్కరికి ఒక్కొక్క తావు పంచి ఇచ్చేవారు. అవ్వది ఈశాన్యం మూల.

"నా మూల పలకలే బిడ్డా," అన్నది. "పది దినాలు నేను పనికి పోలే. మల్ల పోయేసరికి మీద సన్నపు పూత పూసేసిన్రు. నా తావు ఎవ్వరు కొట్టలేదని చూస్తనే తెల్సింది. చెప్తె పనిల నుంచి తీసేస్తరని నోరు మూసుకున్న. కురుస్తలేదని తెలిస్తె నిమ్మలంగ పోత."

"పది రోజులు ఎందుకు పోలేదవ్వా?" అని అడిగాను. దగ్గు ఎత్తుకుంది. అది తగ్గేసరికి నా ప్రశ్న ఎటో పోయింది. ఏ మహలో గుర్తు చెప్పమన్నాను.

"పేరు నాకేమెరుక? పేర్లు దొరలకు ఎరుక. గుమ్మటం దర్వాజ దాటినంక సున్నం గానుగ గుండ్రం కనబడ్తది. దానెంకనే ఇల్లు. మెట్లు గోడ లోపల్నే ఉంటయ్, చీకటి. ముప్పై ఒకటి. తల మీద తట్ట పెట్టుకొని ఎన్నిసార్లు ఎక్కిన్నో, మర్చిపోతనా?"

పెళ్లయిన మూడేళ్లలో నేను మా ఆయనను నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక ఇదే. ఆయనకు బస్టాండు దగ్గర సైకిళ్ల దుకాణం. "ఇంత వానల ఖిలా చూస్తవా?" అన్నాడు. "ఖిలా కాదు, దాని పైకప్పు," అన్నాను. నవ్వబోయి, సంగతంతా విని సరేనన్నాడు. బీదరుకు బస్సులున్నాయి, రైలు కూడా ఉంది. కానీ వచ్చేటప్పుడు పొద్దు గూకకముందే అవ్వ ఊరికి పోవాలి, ఆ ఊరికి బస్సు లేదు. అందుకని ఖాదర్ చాచా అంబాసిడర్ కారు మాట్లాడాడు. రానుపోను, ఆగినంతసేపు ఆగడానికి, పెట్రోలుతో కలిపి నూటయాభై రూపాయలు.

రెండు రోజులు ముసురు పట్టి వదిలిన మంగళవారం నాడు ఉదయం ఏడింటికి బయలుదేరాం. రొట్టెలు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డలు కట్టుకున్నాను. చాచాకు అరవై ఏళ్లుంటాయి, మా ఆయనను చిన్నప్పటి నుంచి ఎరుగును.

"ఏమిరా నర్సింలు, ఖిలాకు ఎండల పోతరు. నువ్వు వాన జూసి బయల్దేరినవేంది?"

"వాననే కావాలె చాచా. మీ కోడలు ఖిలా కురుస్తుందా లేదా చూస్తదట."

"అరె వా! మొన్న మా ఇల్లు కురిసింది, చూడనీకి ఒక్కడు రాలె."

నేను కొంగులో నవ్వుకున్నాను. ఊరు దాటగానే రోడ్డుకు రెండు వైపులా అల్లం మళ్లు, కంది చేలు, వాటి మధ్య తడిసి నెత్తురులా ఎర్రబడ్డ మట్టి. అవ్వ ఊరికి తిరిగే దారి దగ్గర మా ఆయన నా వైపు చూశాడు. వచ్చేటప్పుడు అన్నట్టు తల ఊపాను. ఇంకొంత దూరం పోయాక కల్వర్టు మీద వాగు పారుతోంది. రెండు లారీలు ఆగి ఉన్నాయి. మేమూ ముప్పావుగంట ఆగాం. "నా బండికి ఈత రాదు బేటీ, లారీ తాత ముంగట పోనీ," అని చాచా బీడీ వెలిగించాడు. వానాకాలంలో పోయేవాళ్లు ఈ ఆలస్యం లెక్కలో పెట్టుకోవాలి. బీదరు చేరేసరికి తొమ్మిదైంది. ఊరి నడుమ ఉన్న చౌబారా బురుజు దగ్గర తలా ఒక కప్పు చాయ తాగి కోటకు పోయాం.

కారు కందకాలు దాటుతుంటే భయమేసింది. ఒక కందకం అనుకుంటే దాని వెనక ఇంకొకటి. దర్వాజాల కింద చల్లగా, గబ్బిలాల వాసనగా ఉంది. మమ్మల్ని ఎవరూ టికెట్టు అడగలేదు. చాచా అన్నీ తెలిసినవాడిలా ముందు నడిచాడు. రంగీన్ మహల్లో నల్లరాతిలో ముత్యపు చిప్పలు పొదిగిన వాకిలి చూపించాడు. పదహారు స్తంభాల మసీదు, బురుజు మీద ఫిరంగి చూపించాడు. చిప్పల మీద వెలుతురు పడితే నీళ్లలో చేపపిల్ల తిరిగినట్టు మెరిసింది, అది నిజంగా చూడవలసిందే. నేను మాత్రం పోయిన ప్రతిచోటా తల పైకెత్తి చెమ్మ కోసం చూస్తున్నాను.

"అందరు గోడలు చూస్తరు, ఈమె మొగులుకు చూస్తది," అన్నాడు చాచా. "మెడ పడ్తది బేటీ."

పదకొండింటికి ఎడమ వైపు ఒక పాత కట్టడం దొరికింది. లోపల ఒక్క తడి మరక లేదు. ఈశాన్యం మూల కింద నిలబడి చెయ్యెత్తి గోడ తడిమాను, పొడి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత మెట్లు చూశాను. అవి బయట ఉన్నాయి, పంతొమ్మిదే. చుట్టుపక్కల గానుగ గుర్తు కూడా లేదు. మా ఆయన నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు.

"ఇదే అనుకోరాదు? పోయినం, చూసినం, కురుస్తలేదని చెప్దాం. ముసలామెకు నిమ్మలమైతది."

నాకూ ఆశ పుట్టింది. అబద్ధమెందుకు చెప్పాలి, ఒక పొడి కప్పును నిజంగానే చూశాను కదా. కానీ అవ్వ మెట్లు లెక్కపెట్టి మరీ చెప్పింది. "ఇది కాదు," అని కారు వైపు కాకుండా ఇంకా లోపలికి నడిచాను. ఆయనా వెంట వచ్చాడు.

గానుగను నేనే కనుక్కున్నాను. తంగేడు పొదల మధ్య గుండ్రంగా తిరిగిన రాతి కాలువ, ఎద్దులు సున్నపు రాయిని తిప్పిన దారి. వాన నీళ్లు నిండి ఉన్నాయి. దాని వెనకే మహలు. మెట్ల వాకిలికి తాళం. పక్కన గోనెపట్ట కప్పుకుని కావలి తాత కూర్చుని ఉన్నాడు. పైకి పోవడం మనా, ఎవరినీ పోనియ్యమని అన్నాడు. మా ఆయన అడిగాడు, చాచా ఉర్దూలో బతిమాలాడు. తాత తల అడ్డంగా ఊపాడు. చాచా నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు బేటీ. మేం చెప్తె తమాషా చూసెటోళ్లం అనుకుంటుండు," అన్నాడు.

పరాయి మగమనిషితో నేను ఎన్నడూ మాట్లాడలేదు. కొంగు ముఖం మీద నుంచి తీసేశాను. "తాతా, పైన మా అవ్వ కొట్టిన గచ్చు ఉన్నది. ఆమెకు పానం బాగలేదు. చూసి రమ్మన్నది," అన్నాను.

తాత నా వైపు తిరిగాడు. "ఏ మూల కొట్టింది?"

"ఈశాన్యం మూల."

ఏదో అనబోయి మానేసి, బొడ్లోంచి తాళంచెవి తీశాడు. చీకట్లో గోడ పట్టుకుని ఎక్కాం. మా ఆయన వెనక నుంచి లెక్కపెడుతున్నాడు. ముప్పై ఒకటి దగ్గర వెలుతురు తగిలింది. పైకప్పంతా నల్లబడి, పాచి పట్టి ఉంది. ఒక గుండ్రాయి తీసుకుని వంగి కొట్టాను. టంగుమంది. నాలుగడుగులు వేసి మళ్లీ కొట్టాను. ఇరవై ఏళ్ల కింద వరుసగా కూర్చున్న ఆడవాళ్ల తావులన్నీ ఒకదాని తర్వాత ఒకటి పలికాయి. వాళ్ల పేర్లు కూడా నాకు తెలియవు. మూలకు చేరేసరికి నా చెయ్యి ఆగింది. మా ఆయన, "కొట్టు," అన్నాడు. కొట్టాను. ధబ్ మంది. పక్కన కొట్టాను. అక్కడా అంతే. ఒక మంచం పట్టేంత మేర గచ్చు పలకలేదు.

కిందికి దిగాక తాత మమ్మల్ని లోపలి గదికి తీసుకుపోయాడు. ఆ మూల కింద ఒక నూనె డబ్బా పెట్టి ఉంది. వాన ఆగి పూట దాటినా పైనుంచి చుక్క చుక్కగా పడుతూనే ఉంది. "నేను పనిల చేరిన కాడికెల్లి గీ డబ్బా పెడ్తున్న," అన్నాడు తాత. "పైన కొట్టినామె పేరేంది బిడ్డా?" చెప్పాను. "మంచిది," అని డబ్బా వంచి నీళ్లు బయట పారబోసి, మళ్లీ అక్కడే పెట్టాడు.

రొట్టెలు తాతతో కలిసి తిన్నాం. మూడింటికి బయలుదేరాం. వాగు కొంచెం తగ్గింది. కారులో మా ఆయన, "లేదని చెప్పు," అన్నాడు మళ్లీ. చాచా అద్దంలోంచి నన్ను చూసి, "నేనైతె అమ్మ ముంగట ఎన్నడు గెలవలె బేటీ. నీ ఇష్టం," అన్నాడు.

అన్న ఇంటి ముందు కారు ఆగేసరికి నాలుగున్నర. ఆ రోజు అవ్వ వదినెతో తల దువ్వించుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"దొరికిందా ఇల్లు?"

"దొరికిందవ్వా. గానుగ అట్లనే ఉన్నది. మెట్లు ముప్పై ఒకటి."

"మరి?"

"ఒక్క చుక్క లేదు."

అవ్వ నన్నే చూస్తూ ఉంది. "కొట్టి చూసినవా?"

"చూసిన."

"ఎట్ల పలికింది?"

నోటితో అబద్ధం చెప్పగలిగాను కానీ ఆ చప్పుడు చేసి చూపించలేకపోయాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని, నా వేలి కణుపులతో పక్కనున్న మట్టిగోడ మీద కొట్టించింది. ధబ్ మంది.

"గిట్లనా?"

"గట్లనే అవ్వా."

చెయ్యి వదిలేసింది. నేను ఏడుస్తూ, కావలి తాత పనిలో చేరినప్పటి నుంచి కింద డబ్బా పెడుతున్నాడని, నీళ్లు దాంట్లోనే పడుతున్నాయని చెప్పాను.

"అన్ని ఏండ్ల సంది పెడ్తుండా? పాపం," అన్నది. చాలాసేపు దగ్గింది. తర్వాత నా చెంప మీద వేళ్లు పెట్టి, ఒక్కొక్క మచ్చనూ తడిమింది. "అప్పుడు నీకు తల్లి పోసింది బిడ్డా. ఒళ్లంత పోసింది. పది దినాలు వేపమండ పట్టుకొని నీ పక్కన కూసున్న. పనికి రమ్మని మనిషిని తోలిన్రు, పోలె." చెంప మీద నుంచి చెయ్యి తీయకుండానే అన్నది. "ఇప్పుడు పిల్చినా పోను."

ఆ నెలాఖరు అమావాస్య, పెత్తరమాసకు ముందు రోజు అవ్వ పోయింది. నిమ్మలంగా పోయిందని రాయలేను, దగ్గుతూనే పోయింది. నేను అబద్ధంతోనే నిలబడి ఉంటే బాగుండేదా అని చాలా రోజులు అనుకున్నాను, ఇప్పటికీ తేలలేదు. నా ముఖం మీద మచ్చలూ, ఆ మూలా ఒకే పది రోజులవి. నేనో, ఆ మూలో ఒకటి మాత్రమే దక్కేటట్టుంటే అవ్వ దేన్ని పట్టుకుందో నాకు తెలిసింది. ఇప్పుడు బజారుకు పోతే కొంగు అడ్డం పెట్టుకోవడం లేదు. వాన గట్టిగా పడిన రోజు మాత్రం పని ఆపి, తాత డబ్బా పెట్టి ఉంటాడా అనుకుంటాను.

బీదరుకు పోయేవాళ్లు టార్చిలైటు తప్పకుండా తీసుకుపోండి. గోడల లోపలి మెట్లు పట్టపగలు కూడా చీకటిగా ఉంటాయి, పాచి పట్టి జారుతాయి. ఎలాగూ చేతిలో ఉంటుంది కాబట్టి, గోడలు చూడటం అయ్యాక దాన్ని ఒకసారి పైకప్పు మూలల్లోకి కూడా తిప్పండి.