పతకం కడిగిన నీళ్లు

సైనికుడి పతకం కడిగిన నీళ్లు తాగితే జ్వరం తగ్గుతుందంటే మీరు నమ్ముతారా? నవ్వకండి. యాచారం వైపు ఒక పల్లెలో తాగుతున్నారని విన్న మర్నాడే బయలుదేరాను.

ఏడున్నరకు మీర్‌పేట్‌లో బయలుదేరితే ఇబ్రహీంపట్నం చేరేసరికి తొమ్మిది కావొచ్చింది. రెండు ఇడ్లీలు తిని షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ముప్పై రూపాయలు. నిండేదాకా కదలదు. వెళ్లేవారు ఒక అరగంట చేతిలో పెట్టుకోండి.

పక్కన ఒక తల్లి, ఒళ్లో ఏడేళ్ల కూతురు. పిల్ల మోచేయి తగిలితే చురుక్కుమంది. జ్వరం ఎన్నాళ్ల నుంచని అడిగాను.

"నాలుగొద్దులాయె. యాకూబన్న పతకం బిళ్ల నీళ్లు తాపిస్త. తూటాలే ఆయన్ని ఏం చెయ్యలే, జరమెంత?"

దవాఖాన వెనక్కి పోతోంది, మేము ముందుకు పోతున్నాం. ఆటో దిగమని వాదించాను.

"నువ్వు డాక్టరువా?"

కాదన్నాను.

"మరైతే గమ్మునుండు బాపు!"

ఆటో అంతా నవ్వింది.

పది దాటాక ఆ ఇల్లు చేరాం. యాకూబ్ యాభై దాటిన మాజీ సైనికుడు. కొండమీద కాల్పుల మధ్య గాయపడ్డ ఇద్దరిని మోసుకొచ్చి, మూడో మనిషి కోసం వెళ్తూ తొడలో తూటా తిన్నాడు. అందుకే ఆ పతకం. ఆయన తల్లి ఒకనాడు దాని దుమ్ము చెంబులో కడిగిందట. ఆ నీళ్లు తాగిన పొరుగు పిల్లకు అదే రోజు జ్వరం దిగిందట. ఇక హిందువులనీ ముస్లింలనీ లేదు, అందరూ వరుస కట్టారు.

పిల్ల తల్లి చెంబు ముందుపెట్టింది. యాకూబ్ పతకం తీశాడు. నాకు ఉండబట్టలేదు.

"తూటా తగిలిననాడు ఇది మీ జేబులో ఉందా?"

ఆయన చెయ్యి ఆగింది. పిల్ల నుదురు తాకి చూశాడు.

"చెల్లె, గీ బిళ్ల నన్ను బతికియ్యలే. నేను బతికినంక ఆర్నెల్లకు వచ్చింది. నన్ను బతికిచ్చింది దవాఖాన."

"మరి ఇన్నేండ్లు ఎందుకిచ్చినవన్నా?"

"తూటాకు భయపడలే గని, ఊరికి భయపడ్డ. వద్దంటే పొగరొచ్చిందంటరని."

చెంబు వాకిట్లో గుమ్మరించి, కుంటుతూ వెళ్లి ఆటోను కేకేశాడు. "ఇగ నా గిరాకీ పాయె గదన్నా," అంటూనే డ్రైవరు బండి తిప్పాడు.

పన్నెండుకు దవాఖానలో పిల్లకు సెలైన్ ఎక్కింది. ఇంకొక్క రోజు ఆగితే చెయ్యి దాటేదన్నాడు డాక్టరు. రక్తపరీక్ష ఫలితం ఇంకా రాలేదు. తల్లి నావైపు చూడలేదు. "నువ్వు పోకన్నా," అని మాత్రం యాకూబ్‌తో అంది. ఆయన బల్లమీద కూర్చుండిపోయాడు. ఇంతకుముందు తాగినవాళ్లలో ఎవరైనా పోయారా అని అడిగాను. తల వంచుకున్నాడు.

మూడున్నరకు తిరుగు బస్సు ఎక్కాను. సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. తాగి కోలుకున్నవాళ్ల పేర్లు ఆ ఊరంతా చెబుతుంది. కోలుకోనివాళ్ల పేర్లు ఎవరూ ఎత్తరు. అన్ని మహిమలూ ఈ మౌనం మీదే బతుకుతున్నాయి.

మీ వాడలో జ్వరంతో కాలుతున్న బిడ్డ ఉందా? ఇక చదవకండి. లేవండి. ఆ బిడ్డను ఎత్తుకుని దవాఖానకు నడవండి.