రుద్రారంల పుట్టిన ఫారినర్

మొన్న బేస్తవారం పొద్దుగాల మా బావగారు గేటు కాడ నిలబడి, "అమ్మా, మీ అక్క లేస్తలేదు. జెర వచ్చి సూడు" అన్నడు. చెప్పులు కూడ ఏసుకోకుంట ఉరికిన. చెయ్యి పట్టుకుంటే చల్లగున్నది. నిద్రలనే పోయింది. మా బీరంగూడ గల్లీల ఎవరికి నాడి చూడాల్సొచ్చినా ఇన్నేండ్లు ఆమెనే పిలిచినం. ఆ పొద్దు ఆమె నాడి చూసేందుకు ఎవరిని పిలవాల్నో ఎవ్వరికీ తోచలే.

ఆమె నాకు తోడికోడలు, మా ఆయన అన్న భార్య. మొదటి దినం నుంచి నేను అక్క అనే పిలిచిన. మట్టి చేసి ఇంటికొచ్చినంక బావగారు అన్నడు: "రేపు సంగారెడ్డి పోవాలె. ఎస్పీ ఆఫీసుల చెప్పాలె." మనిషి నిద్రల పోతే పోలీసోళ్ళకెందుకు చెప్పాలె అని పక్కింటి కొత్త కోడలు నా చెవుల అడిగింది. కాయితాల లెక్కన మా అక్క ఈ దేశం మనిషి కాదు. బ్రిటన్ పౌరురాలు. ఆ సంగతి చెప్పాలంటే ఒక్క మాటల అయ్యేది కాదు, అందుకే ఇది రాస్తున్న.

పుట్టింది రుద్రారంల. తండ్రి చర్చి బడిల పంతులు. మిషన్ దవాఖానల నర్సు చదువు అయిపోంగనే ఇంకొందరు నర్సులతోని ఇంగ్లండు పోయింది. అప్పుడు వాళ్ళకు నర్సులు తక్కువ పడ్డరు, రమ్మని వాళ్ళే పిలిచిన్రు. పదేండ్ల దాక ఒక పెద్ద దవాఖానల చేసింది. తోటి నర్సులు తీసుకుంటున్నరని అక్కడి పౌరసత్వం తీసుకున్నది. అది తీసుకుంటే మన దేశంది పోతది, రెండూ ఉంచుకోనియ్యరు. "ఆ వయసుల ఎవరు ఆలోచిస్తరు? ఇస్తమన్నరు, తీసుకున్న" అనేది.

సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు పటాన్‌చెరు చర్చిల మా బావగారిని చూసింది. ఆయన స్టూలెక్కి, ఆగిపోయిన ఫ్యాను బాగుచేస్తున్నడట. పెద్ద ఫ్యాక్టరీల ఫిట్టరు. వయసుల ఆమెకన్న చిన్నోడు. ఆమెకు ముప్పై దాటినయి, ఇగ పెండ్లి కాదని చుట్టాలు ఆశ వదులుకున్నరు. ఆమెనే పోయి అడిగింది, నన్ను చేసుకుంటవా అని. ఆయన స్టూలు దిగి, చేతులు తుడుచుకుని, సరే అన్నడట. పెండ్లయింది. గల్లీల ఒక్కటే మాట: "లండన్ కోసం చేసుకున్నడు." అదే మాట రేపు తెల్లోళ్ళ నోట కూడ వస్తదని మాకు అప్పుడు తెల్వదు.

పెండ్లయినంక ఆమె తిరిగి పోయి, మొగుణ్ణి పిలిపించుకుంటనని అడిగింది. అప్పుడు అక్కడి రూలు ఎట్లున్నదంటే, మగోడైతే భార్యను తెచ్చుకోవచ్చు. ఆడది మొగుణ్ణి తెచ్చుకోవాలంటే ఆమెనో, ఆమె తల్లిదండ్రులల్ల ఒకరో ఆ దేశంల పుట్టి ఉండాలె. రుద్రారంల పుట్టినామెకు కుదరదన్నరు. అప్పటికే కడుపుతోని ఉన్నది. అక్కడనే కంటే బిడ్డ ఆ దేశం బిడ్డ అయ్యేది. అది తెలిసే నౌకరి ఇడిసిపెట్టి బీరంగూడ వచ్చింది.

"కొన్నాళ్ళు ఓర్చుకుంటే అయిపోతుండె గదక్కా" అన్న నేను.

"పక్కన మొగుడు లేకుంట, ముక్కూ మొఖం తెల్వనోళ్ళ నడుమ కనాల్నా? వాళ్ళ రూలు కోసం?" అన్నది.

ఎనభై ఒకటిల ఆడపిల్ల పుట్టింది. ఎనభై నాలుగుల కొడుకు పుట్టిండు. ఈ నడుమ వాళ్ళ చట్టం మారింది. అంతకుముందు బయటి దేశంల పుట్టిన పిల్లలకు తండ్రి నుంచే పౌరసత్వం వచ్చేది, తల్లి నుంచి వచ్చేది కాదు. ఎనభై మూడు నుంచి పుట్టినోళ్ళకు తల్లి నుంచి కూడ వస్తదన్నరు. ముందుగాల పుట్టినోళ్ళకు మాత్రం లేదు. అట్ల ఒక్క తల్లికి, ఒక్క ఇంట్ల పుట్టిన ఇద్దరిల తమ్ముడు బ్రిటన్ పౌరుడైండు, అక్క పరాయిదైంది.

మొగుళ్ళ రూలు కూడ కొంచెం సడలించిన్రని తెలిసి అందరం మద్రాసుల ఉన్న బ్రిటన్ వీసా ఆఫీసుకు పోయినం. చంటోణ్ణి ఎత్తుకునేందుకు నన్ను తోడు తీస్కపోయిన్రు. కిటికీ ముంగట లైను కట్టి నిలబడితే పొద్దుగూకినంక లోపటికి పిలిచిన్రు. ఆఫీసరు వయసుల చిన్నోడే, మర్యాదగనే మాట్లాడిండు. పక్కన తెలుగు చేసి చెప్పెటాయన, నెల్లూరు వైపు మనిషి.

"పెళ్ళి ఎందుకు చేసుకున్నారని అడుగుతున్నారు" అన్నడాయన.

"నచ్చింది" అన్నడు బావగారు.

"ఆవిడ ఇంగ్లండు పౌరురాలని తెలిసే చేసుకున్నారా?"

"తెలుసు."

"మీకు వీసా రాకపోతే ఏం చేస్తారు?"

బావగారు ఆలోచించనే లేదు. "ఏం చేస్త సార్? ఇక్కడ్నే కలిసి ఉంటం."

కొన్ని నెలలకు జవాబు వచ్చింది. ఆ దేశంల అడుగు పెట్టుడే ముఖ్యమని పెండ్లి చేసుకోలేదని బావగారు రుజువు చెయ్యలేకపోయిండట, అందుకే వీసా లేదు. ఇక్కడ్నే కలిసి ఉంటమన్నరు గద, ఉండొచ్చు అన్నట్టు రాసిన్రు. వీసా రాకపోతే ఇడిసిపెడ్త అని ఉంటే, చూసిన్రా వీసా కోసమే చేసుకున్నడు అనేటోళ్ళు. ఏం చెప్పినా తప్పయ్యే ప్రశ్న అది. బిడ్డకు ఎందుకు ఇయ్యమో కూడ రాసిన్రు: తండ్రి ఇండియాల ఉంటడు గనుక బిడ్డ తండ్రి కాడ ఉండొచ్చు. తండ్రిని రానియ్యంది వాళ్ళే. కొడుక్కు మాత్రం పాస్‌పోర్టు ఎప్పుడు కావాల్నంటే అప్పుడు.

అక్క నన్ను తీసుకుని మల్ల మద్రాసు పోయింది. అదే ఆఫీసరు. "మీకూ బాబుకూ ఏ అడ్డమూ లేదు మేడం. మీరిద్దరూ వెళ్ళొచ్చు" అన్నడు ఇంగ్లీషుల. నేను బడిల ఇంగ్లీషు చెప్పేదాన్ని, ఆ దినం వాళ్ళ మాటలు నాకు ఒక్కొక్కటి యాదికున్నయి.

"ఇద్దరినీ మోసింది ఒక్క కడుపు" అన్నది అక్క. "దాన్ని మీ చట్టం రెండు చేసింది. నేను చెయ్య."

ఆయన ఏదో అనబోతే ఆపింది. "మీరు పిలిస్తే వచ్చిన్నేను. మీ ముసలోళ్ళ పక్కబట్టలు మారుస్తున్నప్పుడు నేను యాడ పుట్టిన్నో ఒక్కరు అడగలే. ఇప్పుడు అడుగుతున్నరు. నా బిడ్డకు ఎందుకు లేదో రాసియ్యుర్రి."

"లెటర్లో ఉంది మేడం."

"అండ్ల రూలు నంబరు ఉన్నది. కారణం లేదు. ఆడదాని బిడ్డ గనుక లేదు అని రాయుర్రి. సంతకం పెట్టుర్రి. పోత."

ఆయన ఎర్రగైండు. పెన్ను పట్టుకున్నడు, రాయలే. అక్క లేచి, కుర్చీని మల్ల టేబులు కిందికి జరిపి, బయటికొచ్చింది.

అప్పీలు చేసిన్రు, ఓడిపోయిన్రు. మా అత్తమ్మ పోరు పెట్టింది. "పిలగాణ్ణి తీస్కపో బిడ్డా. వాడన్న బాగుపడతడు. పిల్ల నా కాడ ఉంటది" అనేది. అక్క కూరగాయలు కోసుకుంట కూసునేది. పోలేదు. పిలగాని పేర్న పాస్‌పోర్టు కూడ తియ్యలే.

పటాన్‌చెరుల ఫ్యాక్టరీల నడుమ ఒక చిన్న నర్సింగ్ హోముల చేరింది. ప్రెస్సు కింద వేళ్ళు పోయినోళ్ళు, మందుల ట్యాంకుల కాడ ఒళ్ళు కాలినోళ్ళు, ఎక్కువ బిహార్, ఒరిస్సా పిలగాండ్లు వచ్చేటోళ్ళు. వాళ్ళ ఎన్కనే ఒక కాంట్రాక్టరు వచ్చి, "సిస్టర్, ఇంట్ల జారిపడ్డడని రాయుర్రి" అనేటోడు. అక్క కేసు షీటు మీద "పనిల ఉండంగ" అని పెద్దక్షరాలతోని రాసేది. "జారిపడ్డడని నువ్వు రాయి. నీ పేరు పెట్టి రాయి. కింద నేను నా మాట రాస్త" అనేది. ఒక్క కాంట్రాక్టరు రాయలే. కరెంటు ఆఫీసుల, బ్యాంకుల, రేషన్ దుకాణంల కూడ అదే మాట: "కాదంటే నోటితోని అనకుర్రి. రాసియ్యుర్రి." ఆమె లైనుల కనపడితే క్లర్కులు కుర్చీలల్ల సర్దుకునేటోళ్ళు.

చక్కెర లేని చాయ్ తాగేది. ఎండల గొడుగు, వానల గొడుగు, రెండూ లేకున్నా గొడుగు. ఇంట్ల ఇంగ్లీషు మాట్లాడేది కాదు, కోపమొస్తే రుద్రారం తెలుగు ఇంకింత చిక్కగయ్యేది. ఫారినర్ గనుక ఇక్కడ ఉండేందుకు సంగారెడ్డి పోయి పర్మిషన్ పొడిగించుకోవాలె. ఒక్కసారి కొత్త హెడ్డు కానిస్టేబులు ఆమె మాట విని ఎగాదిగ చూసి, "ఫారిన్ మేడం యాడుంది, నువ్వొచ్చినవేందమ్మా?" అన్నడు. "నేనే ఫారిన్ మేడం. మాది రుద్రారం" అన్నది. వచ్చేటప్పుడు బస్సుల కూసుని నవ్వింది, కండ్లు తుడుచుకున్నది, మల్ల నవ్వింది.

తొంభై ఏడుల పెండ్లి ఎందుకు చేసుకున్నరో రుజువు చెయ్యాలనే ఆ రూలు తీసేసిన్రని చర్చిల ఒకాయన చెప్పిండు. ఇగ బావగారు అడిగితే వీసా వస్తది. ఆయన అన్నం కలుపుకుంట అన్నడు: "నా పెండ్లాన్ని ఎందుకు చేసుకున్నవని అడిగినోళ్ళ ఇంటికి నేను పోను." అక్క ఇంకో గరిటె పప్పు పోసింది. ఆ ముచ్చట అంతటితోని ఖతం.

కొడుకుతోని మాత్రం అంత అల్కగ కాలే. పద్దెనిమిది నిండంగనే తల్లి మీదికొచ్చిండు. "నాకు పుట్టుకతోని వచ్చిందాన్ని ఇన్నేండ్లు దాచిపెట్టినవు. అక్కకు లేకపోతే నా తప్పా?"

"నీ తప్పు కాదు. దాచిపెట్టలే. నా చేతులతోని మీ ఇద్దరి నడుమ గీత గియ్య అన్న, గంతే. ఇప్పుడు నువ్వు పెద్దోనివైనవు. నీది నువ్వు తీస్కో."

తీసుకున్నడు. ఇంగ్లండు ఎల్లిపోయేనాడు తల్లికి పోయొస్త అని కూడ చెప్పలే, మొఖం తిప్పుకుని ఆటో ఎక్కిండు. ఆమె గేటు కాడ నిలబడి, "స్వెట్టర్ పెట్టెల మీదికి పెట్టుకున్నవా? దిగంగనే సలి ఉంటది" అన్నది. ఆటో కదిలిపోయింది. ఆ ఒక్కనాడే ఆమె ఏడ్చుడు నేను చూసిన.

ఏడాది దాటినంక ఒకనాడు ఫోను మోగింది. వాడే. అక్క ఎత్తింది. వాడు అన్నడట: "అమ్మా, చట్టం మారింది. ఎనభై మూడుకు ముందు పుట్టినోళ్ళకు కూడ తల్లి నుంచి ఇస్తరట. నేను రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్న. అక్క దరఖాస్తు పెట్టు." అక్క ఫోను పెట్టేసి, నా దిక్కు చూసి, "వాడే కనుక్కున్నడు" అన్నది. చట్టం మారినదాని కన్న ఆ మాట చెప్పినప్పుడే ఆమె మొఖం ఎలిగింది.

బిడ్డ అప్పటికి రుద్రారం కాలేజీల లెక్చరరు. వెంటనే సరే అనలే. "అది తీసుకుంటే ఇక్కడిది పోతది. నేను కూడ నీ లెక్క సంగారెడ్డి తిరగాలె. నాకు అవసరమా అమ్మా?"

"వద్దంటే వద్దే. నేను బలవంతం చెయ్య. కాని వద్దన్న మాట నీ నోట రావాలె. ఇన్నేండ్లు వాళ్ళ నోట వచ్చింది."

పిల్ల శానా దినాలు ఆలోచించింది. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తుంటే దారిల అన్నది: "తీసుకుంటనమ్మా. యాడికీ పోను. కాని తమ్మునికున్న తల్లి నాకు లేదని ఎవ్వరి దఫ్తర్ల రాసి ఉండొద్దు." అక్క గొడుగు ఈ చెయ్యి నుంచి ఆ చెయ్యికి మార్చుకున్నది.

పౌరసత్వం ఇచ్చే ముందు ప్రమాణం చెయ్యాలె అంటే మల్ల అదే మద్రాసు పోయినం, ఇప్పుడు పేరు చెన్నై. చిన్న హాలు, గోడకు రాణి ఫోటో, ఒక మూలకు చాయ్ కప్పులు. ప్రమాణం చేసేటోళ్ళు నలుగురైదుగురు. మా పిల్ల గట్టిగ చదివింది. తర్వాత వాళ్ళ జాతీయ గీతం పెట్టిన్రు. అందరు లేచిన్రు, బావగారు లేచిండు, నేను లేచిన.

అక్క లేవలే.

ఆఫీసామె ఒకామె మెల్లగ వచ్చి వంగి, నిలబడాలని చెప్పింది. మా అక్క, పదేండ్లు ఇంగ్లీషుల డ్యూటీ చేసిన మనిషి, రుద్రారం తెలుగుల జవాబు చెప్పింది: "ఇన్నేండ్లు మీ కిటికీల ముంగట నిలబడ్డ. ఇయ్యాల కూసుంట."

ఆఫీసామె నా దిక్కు చూసింది, ఏమన్నదో చెప్పమన్నట్టు. నేను చెప్పలే.

పాట నడుస్తనే ఉన్నది. ముంగట నిలబడ్డోళ్ళ నడుమ నుంచి మా పిల్ల మెల్లగ నడుచుకుంట వచ్చి, తల్లి పక్క కుర్చీల కూసున్నది. ఒకళ్ళ మొఖం ఒకళ్ళు చూసుకోలే. హాలంత నిలబడి ఉన్నది. ఎన్క నిలబడ్డ నాకు ఆ రెండు తలలే కనపడుతున్నయి, ఒకటి నెరిసింది, ఒకటి నల్లది, పక్కపక్కన, కదలకుంట.