పెంచుకున్న పిల్ల

మా పెళ్లి ఫొటోల్లో అమ్మ రెండు చోట్ల ఉంటుంది. కన్యాదానం ఫొటోలో నాన్న పక్కన కూర్చుని చెంబుతో నీళ్లు పోస్తూ ఉంటుంది. తాళి కట్టే ఫొటోలో నా వెనక నిలబడి జడ ఎత్తి పట్టుకుని ఉంటుంది. ఆ పని పెళ్లికొడుకు తోబుట్టువుది. నేను చేసుకున్నది అమ్మ తమ్ముణ్ని. ఆయనకి వేరే అక్కచెల్లెళ్లు లేరు. అందుకని అటు పనీ ఇటు పనీ అమ్మే చేసింది. అనకాపల్లిలో మా బెల్లం వర్తకుల ఇళ్లలో అదేం వింత కాదు. ఎవరో సరదాగా ఓ మాట అన్నారు, అందరూ నవ్వుకుని భోజనాలకి లేచారు.

అది రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. మావయ్యకి అప్పటికే విదేశంలో కంప్యూటర్ల ఉద్యోగం. పెళ్లి నిజమైనదేనని నమ్మిస్తే తప్ప భార్యకి వీసా ఇవ్వరని చెప్పి, సెలవు అయిపోగానే వెళ్లిపోయాడు. నేను ఫొటోల ఆల్బం సంచిలో పెట్టుకుని ఇంటర్వ్యూకి చెన్నై వెళ్లాను.

అద్దానికి అవతల ఒక తెల్లాయన, పక్కన తెలుగు తెలిసిన ఆవిడ. మీ ఇద్దరికీ ఎన్నాళ్ల పరిచయం అని అడిగించాడాయన. నాకు ప్రాణం లేచొచ్చింది. దొంగ పెళ్లిళ్లు పట్టుకోవడానికి ఇలాంటివే అడుగుతారని మావయ్య ముందే చెప్పాడు.

“పరిచయమేటండీ! నన్ను ఉయ్యాల్లో వేసి ఊపింది ఆయనే. మా అమ్మకి సొంత తమ్ముడు” అన్నాను.

ఇంతకన్నా ఏం కావాలన్న ధీమాతో ఫొటో ముందుకి తోసి, జడ పట్టుకున్న అమ్మని వేలు పెట్టి చూపించాను కూడా. తెలుగావిడ నోరు తెరిచి మళ్లీ మూసింది. వాళ్ల చుట్టాల్లోనూ అలాంటి పెళ్లి ఒకటి ఉండే ఉంటుంది. అయినా ఆవిడ పని ఆవిడ చేసింది, నా మాట ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేసింది. ఆ తర్వాత ఆయన నా మొహంలోకి చూడలేదు.

మేనమామకీ మేనకోడలికీ జరిగింది వాళ్ల చట్టంలో పెళ్లే కాదట. వీసా రాలేదు.

“మా పిల్లని మేం తెచ్చుకుంటే ఆళ్లకేటి నొప్పి?” అని అమ్మమ్మ అరుగు మీద కూర్చుని పొద్దుగూకేదాకా తిట్టింది. అమ్మకి తల్లి, నాకు అత్తగారు కూడా ఆవిడే.

మళ్లీ దరఖాస్తు పెట్టుకోవడానికి దారి ఉందని విశాఖపట్నంలో ఒక ఏజెంటు చెప్పాడు. మా అమ్మ ఆ ఇంటి రక్తం కాదని, చిన్నప్పుడు తెచ్చి పెంచుకున్నామని అమ్మమ్మ చేత అఫిడవిట్టు ఇప్పించాలి. అంతే, చుట్టరికం తెగిపోతుంది. మావయ్య ఫోన్లో “ఉత్త కాగితమే కదే” అన్నాడు. నాకు కోపం వచ్చింది గానీ, ఎవరి మీదో తెలియలేదు. నేను నా మొగుడి దగ్గరికి వెళ్లాలి. అప్పుడు నాకు కావలసింది అదొక్కటే.

అమ్మ వంటింట్లోంచే “రాయించండి, నాకేటి” అంది. ఒప్పుకోనిది అమ్మమ్మ. అమ్మ పుట్టినప్పుడు అడ్డం తిరిగిందట, మంత్రసాని చేతులెత్తేసిందట. “సచ్చి బతికి కన్నాను దీన్ని” అని ఏ పేరంటంలోనైనా ఆ పురిటి కథ మొదలుపెట్టేది. అలాంటి మనిషిని అమ్మే పక్కన కూర్చుని బతిమాలింది. “నా కూతురి కాపరం అమ్మా” అంది. అమ్మమ్మ తల తిప్పుకునే సంతకం పెట్టింది.

వీసా వాళ్లు ఫోన్ చేసి అడుగుతారు, ఇంటికొచ్చినా రావచ్చు, పెద్దావిడని తయారుచేయండి అన్నాడు ఏజెంటు. దాంతో సాయంత్రం దీపం పెట్టగానే నా పని అదే అయింది.

“ఈవిడ మీకేమవుతారండీ?”

“నా కూతురు.”

“కాదు అమ్మమ్మా! అలా చెప్పకూడదు. నాకు వీసా రాదు.”

అమ్మ పక్కనే బియ్యం ఏరుకుంటూ వినేది. కొన్నాళ్లకి అమ్మమ్మ పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పడం నేర్చుకుంది. “పెంచుకున్న పిల్లండి. నా కడుపున పుట్టనేదు.” ఇరుగుపొరుగుని ఆరా తీస్తే దొరికిపోతామని పురిటి కథ కూడా మానిపించాం. ఆ కథ పోయాక పేరంటాలకి వెళ్లడం కూడా తగ్గించేసింది.

ఫోనూ రాలేదు, ఎవరూ రాలేదు. మళ్లీ కాదన్నారు. మొదటిసారి మీరే సొంత అక్క అన్నారు, ఇప్పుడు పెంచుకున్న పిల్ల అంటున్నారు, రెంటిలో ఒకటి అబద్ధం అన్నారు. అబద్ధం చెప్పినందుకు ఇక చాలా ఏళ్లు అడగడానికి కూడా లేదు. ఏజెంటు మా ఫోన్లు ఎత్తడం మానేశాడు. వాడి పాడె కట్ట, ఇప్పటికీ తలుచుకుంటే నా ఒళ్లు మండుతుంది. మావయ్య చివరికి ఉద్యోగం వదిలేసి వచ్చి తాతయ్య బెల్లం కొట్లో కూర్చున్నాడు. ఆ వచ్చేదేదో ముందే వచ్చి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ఆ మాట మొహం మీదే అన్నాను, పడ్డాడు.

తర్వాత కొన్నేళ్లకి అమ్మమ్మకి మతిమరుపు మొదలైంది. తాతయ్య పోయిన సంగతి మరిచిపోయింది, నన్ను మరిచిపోయింది. నీళ్లు పోయడం, జడ వేయడం, తినిపించడం అన్నీ అమ్మే. మనుషుల్ని గుర్తు చేస్తూ ఉండమని డాక్టరు చెప్పాడు. ఒకరోజు పెరుగన్నం ముద్ద పట్టుకుని అమ్మ అడిగింది.

“అమ్మా, నేనెవర్ని?”

అమ్మమ్మ నిటారుగా కూర్చుంది. కొంగు సర్దుకుంది.

“పెంచుకున్న పిల్లండి. నా కడుపున పుట్టనేదు” అంది, ఎక్కడా తడబడకుండా.

అమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. నేను గబగబా వెళ్లి అమ్మమ్మ భుజం పట్టుకుని “కాదు అమ్మమ్మా, నీ కూతురు. నువ్వు కన్న కూతురు” అన్నాను. ఆవిడ భయంగా గుమ్మం వైపు చూసింది. నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది.

“అలా సెప్పకూడదు. పిల్లకి వీసా రాదు.”

అమ్మ ఎడమ చేత్తో ఆవిడ మూతి తుడిచింది. “అవునమ్మా, సెప్పకూడదు” అని ముద్ద నోట్లో పెట్టింది.