బాబాయ్ తెలుగులో పోయారు

ఒకప్పుడు మేమంతా ఉన్న జెబెల్ అలీ లేబర్ క్యాంపు నుంచి అణ్ణాచ్చి ఫోన్ చేసేసరికి నేను బర్ దుబాయ్ బట్టల కొట్టులో తానులు సర్దుతున్నాను. "తంబీ, బాబాయ్ పోయిట్టార్" అన్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

అవతల ఏడుపు వినబడింది. "ఈసారి తమిళం కాదు తంబీ. మీ తెలుగులో పోయారు."

అయినా నమ్మలేదు. ఆ మాట మమ్మల్ని ఒకసారి మోసం చేసింది, మళ్లీ చేస్తుందేమోనని ఆశపడ్డాను. ఖోర్ ఫక్కాన్‌లో ఆయనతో పనిచేసేవాళ్లకి ఫోన్ చేస్తే నిజమేనన్నారు. పొద్దున డ్యూటీకి లేవలేదట. గుండె ఆగిపోయిందట.

బాబాయ్ నాకు చుట్టం కాదు. కోనసీమ మనిషి, మా క్యాంపు మెస్‌లో వంట చేసేవారు. మా గదిలో పెద్ద కాబట్టి అందరికీ బాబాయే, తిరునెల్వేలి నుంచి వచ్చిన అణ్ణాచ్చికి కూడా. ఆయనకి నిశ్శబ్దమంటే భయం. వంటింట్లో ఒక్కరే ఉంటే గిన్నెలతో మాట్లాడేవారు, ఉడకని పప్పుని పేరుపెట్టి తిట్టేవారు.

శుక్రవారం భోజనాలయ్యాక అణ్ణాచ్చి ఫోన్‌ని పచ్చడి సీసాకి ఆనించి పెట్టేవాళ్లం. తమిళ సినిమాల్లో ఒక హాస్యజంట ఉంది. ఒకాయన తిడతాడు, రెండో ఆయన తిట్లు తింటాడు. ఎన్ని సినిమాల్లో చూసినా అంతే, ఎన్నిసార్లు చూసినా నవ్వే. బాబాయ్‌కి తమిళం ముక్క రాదు. ఫోన్ గొంతు నొక్కేసి ఇద్దరి మాటలూ తానే గోదావరి యాసలో చెప్పేవారు.

"అతను అలా చెప్పలేదు బాబాయ్!" అని అణ్ణాచ్చి గింజుకునేవాడు.

"ఆయ్, నోరు చూడవయ్యా బాబూ, అచ్చం అలాగే కదులుతుంది."

కొన్నాళ్లకి తిట్టే వేషం నాకిచ్చి, తిట్లు తినే వేషం తానుంచుకున్నారు. "తిట్టేవోణ్ణి ఎవడైనా చూత్తాడ్రా. తినేవోణ్ణి చూడు. తిట్టు పడగానే నోరు తెరవడు. కాసేపు ఆగుతాడు. నవ్వంతా ఆ ఆగడంలోనే ఉంది" అనేవారు. ఇంకో మాట కూడా చెప్పారు. "ఆడు ఆగుతాడని ఈడికి తెల్సు. అందుకే అంత ధైర్యంగా తిడతాడు."

కరోనా వచ్చిన ఏడు క్యాంపు గేట్లు మూసేశారు. పొద్దున్నే వరసలో నిలబెట్టి నుదుటి దగ్గర మిషన్ పెట్టేవారు. వేడి ఎక్కువ చూపిస్తే బస్సు ఎక్కించేవారు. ఆ బస్సు ఎక్కడికి వెళుతుందో మాకు తెలియదు. గదిలో ఎవరు దగ్గినా మిగతావాళ్లం ఊపిరి బిగపట్టి పడుకునేవాళ్లం. ఒక రాత్రి దిండులో మొహం పెట్టుకుని దగ్గింది బాబాయే.

ఆయన్ని బస్సు ఎక్కించారు. మెట్టు మీద నుంచి వెనక్కి తిరిగి, "ఒరే అబ్బాయ్, పొయ్యి మీద పప్పుంది, దింపండి" అన్నారు. అంతే.

కొద్దిరోజులు ఏ కబురూ లేదు. ఆయన్ని ఉంచిన క్వారంటైన్ హాల్లో పనిచేసే తమిళుడొకడి నంబరు దొరికితే అణ్ణాచ్చి ఫోన్ చేసి మాట్లాడి, "బాబాయ్ పోయిట్టార్" అని నాతో చెప్పి, తాపీగా నారింజపండు ఒలుచుకోవడం మొదలుపెట్టాడు. నేను కుప్పకూలి ఏడ్చాను. ఇంత రాతిగుండె ఏమిటి ఇతనిదని కోపం వచ్చింది.

"ఎందుకు ఏడుపు? సాయంకాలం ఫోన్ చేస్తారు" అన్నాడు.

"ఎవరు?"

"బాబాయ్."

 జ్వరం ఇతని బుర్రకి ఎక్కిందనుకుని, మాస్కు ముక్కు మీదకి లాక్కుని నా మంచం పైకి ఎక్కేశాను. సాయంత్రం ఫోన్ మోగింది. "ఒరే అబ్బాయ్" అన్న గొంతు వినగానే కేక పెట్టాను. తమిళంలో పోయిట్టార్ అంటే వెళ్లిపోయారని కూడా అర్థమట. ఆయన్ని ఆ హాల్లోంచి ఇంకో హాల్లోకి మార్చారు, అదీ సంగతి.

బాబాయ్ దగ్గొచ్చేదాకా నవ్వారు. తర్వాత గొంతు తగ్గించారు. "ఇక్కడెవరూ మాటాడ్డం లేదురా. పక్క మంచం నిన్న కాళీ అయింది. నాకు భయంగా ఉంది. తిట్టు."

"ఏంటి బాబాయ్?"

"తిట్టరా. ఆ తమిళాయన తిట్టినట్టు తిట్టు."

తిట్టాను. ఆయన ఆగారు. ఆ ఆగడం ఇదివరకు మాకు నవ్వు. ఇప్పుడు అవతల ఊపిరి ఉందో లేదో తెలియని చోటు. ఫోన్‌కి ఒక పక్క నా చెవి, ఇంకో పక్క అణ్ణాచ్చి చెవి. చివరికి ఆయన జవాబు చెప్పేవారు, మేం నవ్వేవాళ్లం, మళ్లీ తిట్టేవాణ్ణి. రోజూ అదే. ఒక సాయంత్రం జవాబు ఎంతకీ రాలేదు. అణ్ణాచ్చి తమిళంలో అరిచేశాడు. నేను దేవుళ్లందరికీ మొక్కేశాను.

"ఉన్నాన్రా. ఊపిరి తీసుకుంటున్నాను, కంగారెట్టకండి" అన్నారు బాబాయ్.

బాగై తిరిగొచ్చారు, సగం మనిషిగా. తర్వాత మెస్ ఎత్తేశారు. ఆయన ఖోర్ ఫక్కాన్ రేవు దగ్గర క్యాంటీన్‌కి వెళ్లారు, నేను ఈ కొట్టుకి వచ్చాను. ఆ సాయంత్రాలు ఆయనకి నేను ధైర్యం చెబుతున్నానని అనుకునేవాణ్ణి. ఆ గదిలో అణ్ణాచ్చికీ నాకూ పిచ్చెక్కకుండా చూసింది ఆయనే. ఆ మాట ఆయనతో అనలేదు, అందుకే మీతో చెబుతున్నాను.

శవాన్ని ఊరికి పంపే ముందు తెలిసినవాళ్లు చూసి ఆయనేనని చెప్పాలన్నారు. అణ్ణాచ్చీ నేనూ ఖోర్ ఫక్కాన్ వెళ్లాం.  ఆసుపత్రిలో ఒక ఇరుకు తలుపు ముందు నిలబెట్టి, "యల్లా, త్వరగా, ఎవరైనా ఒకరు రండి" అన్నాడు అక్కడి ఉద్యోగి.

"నువ్వు పో తంబీ" అన్నాడు అణ్ణాచ్చి.

"నువ్వు పెద్దోడివి కదా, నువ్వెళ్లు" అన్నాను.

లోపలికి వెళ్లాలంటే భయం. బయట ఒక్కడినే మిగిలిపోవాలన్నా భయం. అణ్ణాచ్చికీ అంతే అనుకుంటాను. ఇద్దరం ఒకేసారి కదిలి, భుజాలు తగులుకుని, అచ్చం ఆ సినిమా జంటలా, ఆ తలుపులో ఇరుక్కుపోయాం. ఉద్యోగి నవ్వాపుకోవడానికి మొహం పక్కకి తిప్పుకున్నాడు. మేం ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు. దుప్పటిలోంచి బయటికి వచ్చిన బాబాయ్ పాదాలు అక్కడి నుంచే కనిపిస్తున్నాయి.