అమ్మ మాటల మీద అడవి దొంగ కథ

మా చిన్నప్పుడు... గల్ఫ్‌లో, సమాయిల్ అనే పట్నంలో శుక్రవారం సెలవు వచ్చిందంటే నాన్న కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేసి, పక్క రూమ్ సాయిలు మామ దగ్గర వీడియో క్యాసెట్ తెచ్చేవాడు. ఆ వారం వచ్చింది ఇంగ్లీషు సినిమా. పూర్వకాలంలో ఒక అడవి దొంగ... విల్లు పట్టుకుని ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పంచుతాడు. నాన్నకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినా కథంతా తెలుగులో సొంతంగా చెప్పేశాడు! పన్ను వసూలు చేసేవాడు కనిపిస్తే చాలు, "అగో, మన షాపు ఓనరు" అనేవాడు. అమ్మ పడీ పడీ నవ్వింది.

అమ్మ నవ్వి అప్పటికి చాలా రోజులైంది. ఊళ్ళో అమ్మమ్మ మంచం పట్టింది. మా పాస్‌పోర్టులేమో ఓనరు దగ్గర... ఇవ్వనంటే ఇవ్వనన్నాడు. అమ్మమ్మ ఇంట్లో ఫోన్ లేదు, ఆమెకు చదువు రాదు.

అప్పట్లో మాలాంటివాళ్ళు మాటలు ఆడియో క్యాసెట్‌లో నింపి, ఊరికి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చేవాళ్ళు. ఒకవైపు పెద్దవాళ్ళది, రెండోవైపు పిల్లలది.

అమ్మ తలుపేసుకుని అరగంట మాట్లాడింది. నాకు వినపడింది కొంచెమే... "అవ్వా, నాయిన పోయిననాడు రాలేదని కోపం వెట్టుకోకే. రావాల్నని లేక గాదు..." తర్వాత మాట సరిగ్గా పడిందో లేదో వినడానికి టేపు మొదటికి తిప్పి, రెండోవైపు నన్ను మాట్లాడమని పిలిచింది.

ఎనిమిదేళ్ళ బుద్ధిలేనివాణ్ణి... సినిమా ఊపులో క్యాసెట్ తిరగేయడం మర్చిపోయాను. చెంచాతో కంచం మీద గుర్రాల చప్పుడు చేస్తూ, టేపు అయిపోయేదాకా మొత్తం దొంగ కథ అమ్మమ్మకు చెప్పేశాను. మర్నాడే సాయిలు మామ దాన్ని పట్టుకుని ఊరికెళ్ళాడు.

రెండు నెలలకు తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రెండు దిక్కులా పెట్టి చూసిన చెల్లె... పోరని కథ తప్ప నీ మాట లేదు. 'నా బిడ్డ ఇంక నాతోని మాట్లాడదా' అని అవ్వ అడిగింది. మల్ల నాలుగు రోజులకే పోయింది."

అమ్మ మాటలన్నీ నా కథ కింద చెరిగిపోయాయి. అమ్మ నన్ను ఒక్క దెబ్బ కూడా వేయలేదు. వేసినా బాగుండేది...

ఇప్పుడు నేనూ గల్ఫ్‌లోనే, ఘాలా అనే చోట డ్యూటీ చేస్తున్నాను. మా రూమ్‌లో కుర్రాళ్ళు అన్నం తింటూనే వీడియో కాల్‌లో అమ్మలతో గొడవపడతారు, అన్నం అయ్యేలోపు కలిసిపోతారు. చూస్తే కుళ్ళుగా ఉంటుంది. ఆ అరగంటలో ఇంకా ఏం చెప్పావని అమ్మను అడిగే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు. ఇప్పుడు అడుగుదామంటే అమ్మ లేదు.

మీ ఇళ్ళల్లోనూ ఇలా అందకుండా పోయిన మాటలున్నాయా... ఉంటే రాయండి, చదువుతాను. మా అమ్మ మాట మాత్రం ఇక ఎవరికీ అందదు.