జీతం అంటే

1968లో నేను ఎం.ఏ. రాజనీతిశాస్త్రం రెండో సంవత్సరంలో ఉన్నాను. మానవ హక్కుల ప్రకటనకు ఇరవై ఏళ్లు నిండుతున్నాయని, దాని మీదా, కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశాల అభివృద్ధి మీదా మాకు ఒక పేపరు పెట్టారు. కావాలన్నవాళ్లు పరీక్షకు బదులు వ్యాసం రాయవచ్చు. విషయం మాత్రం సెప్టెంబరు రెండో తేదీ సోమవారంలోగా లెక్చరరు గారు ఒప్పుకోవాలి. హాస్టల్లో నా గదిలో ఉన్న అమ్మాయి అది ఆగస్టు అని ఇప్పటికీ వాదిస్తుంది. కాదు. ముందు రోజు ఒకటో తేదీ, ఆదివారం. ఆ సంగతి ముందు ముందు అవసరం.

నాది గుంటూరు వైపు, ఆమెది నల్లగొండ జిల్లా. శుక్రవారం సాయంత్రం గదికి వచ్చి కాగితం మంచం మీద పడేసింది. అందులో ఒకే వాక్యం: ‘తెలంగాణ గ్రామాల్లో జీతం, మానవ హక్కుల ప్రకటన.’

“సారు ఎకనామిక్సు వాళ్లను అడగమన్నడు. జీతాలతోని మనకేం పనట.”

“నిజమేగా,” అన్నాను. “జీతానికీ హక్కులకూ ఏమిటి సంబంధం?”

“నువ్వు గూడ గట్లనే అంటవా? మా చిన్నాయన ఎనిమిదేండ్ల సంది జీతమున్నడే.”

“ఏ ఆఫీసులో?”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. “పటేలు పశువుల కొట్టంల. మస్తు పెద్దాఫీసు.”

జీతం ఉండటమంటే అప్పు తీరేదాకా పటేలు లాంటి ఆసామి ఇంట్లో పనికి కట్టుబడి ఉండటమని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. వాళ్ల నాయనమ్మ జబ్బుకు ఇద్దరన్నదమ్ములూ కలిసి అప్పు చేశారు. పెద్దవాడు పట్నం వచ్చి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనికి కుదిరాడు. చిన్నవాడు అప్పు కింద ఊళ్లో ఆగిపోయాడు. “మా నాయన ఈడికొచ్చిండు గనక నేను ఈ మంచం మీదున్న. గిది రాయకుంటే ఇంకేం రాసినా దండగే,” అంది.

అంకెలు చెప్పమన్నాను. మొదటి ఏడు అప్పు రెండు వందలు. వడ్డీ నెలకు నూటికి రెండు, అంటే ఏడాదికి నలభై ఎనిమిది. పనికి రాని రోజులకు కోత ఇరవై. చెప్పులకు, గొంగడికి, పండుగకు తీసుకున్నది నలభై. ఏడాది జీతం తొంభై ఆరు. కూడి, తీసివేసి చూశాను. ఏడాది పొడుగునా పనిచేస్తే అప్పు రెండు వందల పన్నెండైంది. తప్పు చేశానేమోనని మళ్లీ వేశాను. అంతే వచ్చింది.

ఆదివారం పొద్దున క్యాంపస్ నుంచి తార్నాకకు నడిచి లెక్చరరు గారి ఇంటికి వెళ్లాం. ఆయనదీ మా వైపే. ప్రకటన బానిసత్వం కూడదంది, ఇది అదేనని ఆమె వాదించింది. ఆయన నా లెక్క శ్రద్ధగా చూశారు.

“కూడిక సరిగ్గానే ఉంది. వడ్డీ అన్యాయం. కానీ జీతం ఇస్తున్నప్పుడు బానిసత్వం ఎలా అవుతుందమ్మా? ఇంగ్లీషులో దీన్ని అటాచ్డ్ లేబర్ అంటారు. ఆ పేరు పెట్టి జీతం మాట తీసెయ్, సంతకం పెడతాను.”

“అటాచయిండా సార్? మా చిన్నాయనకు పటేలంటే గంత ప్రేమ లేదు.”

లోపల ఎవరో నవ్వారు. కాసేపటికి ఆ గొంతే వినిపించింది, ఆయన భార్యది. “ఏమండీ, ఆదివారం కదా, జీతం రేపేనా? పాలవాడు ఇప్పుడే అడిగిపోయాడు.”

నా స్నేహితురాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఎందుకే నవ్వుతావు?” అంటూ ఆవిడ కాఫీ గ్లాసులతో బయటికి వచ్చారు.

“ఏం లేదమ్మా. మా ఊర్ల గిట్లంటే, సార్‌ను రేపు పటేలు కాడ జీతం పెడ్తున్నరనుకుంటరు.”

ఆవిడకు మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. అంతా విని, “అంత కష్టమైతే మానేసి రావచ్చుగా?” అన్నారు.

“ఒకసారి వచ్చిండమ్మా. లాలాగూడల మా ఇంటికే వచ్చిండు. మూడోనాడు మనుషులొచ్చి తోలుకపోయిన్రు.”

“తీసుకెళ్లారా?” అన్నారు లెక్చరరు గారు.

“కాదు సార్. తోలుకపోయిన్రు.”

చేతిలోనే ఉండిపోయిన గ్లాసులు ఆవిడ బల్ల మీద పెట్టారు. మా వైపు కూడా తోలుకుపోవడమంటే పశువులనే. లెక్చరరు గారికి ఆ మాటకు అర్థం చెప్పాల్సిన పని లేదు. కాగితం దగ్గరికి లాక్కుని, ఆమె రాసిన వాక్యం కిందనే సంతకం పెట్టారు. ఒక షరతు మాత్రం విధించారు. ఇంగ్లీషు వ్యాసంలో కూడా జీతం అన్న మాటను అలాగే ఉంచాలి, మొదటి పుటలోనే దాని అర్థం చెప్పాలి.

జనవరిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చి క్లాసులు ఆగిపోయాయి. ఆంధ్రా వాళ్లు ఒకరొకరే ఇళ్లకు వెళ్తుంటే, నేను ఆమెతో లాలాగూడ వెళ్లి వాళ్లింట్లో పదకొండు రోజులు ఉన్నాను. వ్యాసం మిగతా భాగం అక్కడే పూర్తయింది. అర్థం చెప్పే వాక్యం మొదట తెలుగులో రాసుకుంది: ‘జీతం: మానేసి వస్తే తోలుకపోయే పని.’ తోలుకపోవడానికి ఇంగ్లీషు మాట మా ఇద్దరికీ దొరకలేదు. అదీ తెలుగులోనే ఉంచాం.

వ్యాసానికి వందకు అరవై రెండు వచ్చాయి. చిన్నాయన ఇంకో ఏడేళ్లు జీతమున్నాడు.