నా ఒంట్లో కరెంట్

ఆ చలికాలం నేను ఎవరిని ముట్టుకున్నా షాక్ కొట్టేది.

బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పొడి ప్యాకింగ్ పని నాది. డ్రమ్ములో పరిచే పాలిథిన్ కవరు విడదీయబోతే అది నా చేతికే అతుక్కునేది. దులిపితే పోయినట్టే పోయి మళ్ళీ వచ్చి అంటుకునేది. తలుపు స్టీలు పిడి పట్టుకుంటే వేలి చివర చిటుక్కుమనేది. పక్కవాళ్ళకు ఎప్పుడో ఒకసారి అయ్యేది, నాకు మాత్రం రోజంతా అదే వరస.

ఇంట్లోనూ అంతే. ఒక పొద్దున అత్తమ్మకు స్టీలు గ్లాసులో చాయ్ అందిస్తుంటే ఆమె వేలికి షాక్ తగిలింది. చాయ్ అంతా నేల మీద పడింది.

"ఏందే ఇది? నీ నరాలల్ల ఏమో అయ్యింది. జెర సూపించుకో," అంది.

ఆ మాటతో నాకు గుండెలో రాయి పడింది. మా అమ్మ నరాల జబ్బుతోనే మంచం పట్టి పోయింది. నాకూ అదే మొదలైందేమోనని ఎవరితోనూ అనలేక లోలోపలే నలిగిపోయాను.

ఆదివారం అత్తమ్మ నన్ను పాస్టరమ్మ దగ్గర నిలబెట్టింది. చలికి స్వెటరు, మందపాటి సాక్సులు వేసుకుని చర్చిలో తివాచీ మీద నడిచి వెళ్ళాను. పాస్టరమ్మ ప్రార్థనకు నా చెయ్యి పట్టుకోబోయింది. చిటుక్కుమంది!

"యేసయ్యా!" అంటూ చెయ్యి వెనక్కి లాక్కుంది. మంచి మనిషి, వెంటనే నవ్వేసి మళ్ళీ పట్టుకుని ప్రార్థన పూర్తిచేసింది. కానీ పక్కనున్న ఆడవాళ్ళు వెనక్కి జరగడం నేను చూశాను.

ఆ వారమే నన్ను సాల్వెంట్ సెక్షన్‌కి మార్చారు. నిప్పురవ్వ పడితే భగ్గుమనే ద్రావకాలుండే చోటు అది. గుమ్మం దగ్గర ఒక ఇనుప పలక మీద నిలబడి మీట నొక్కాలి, పచ్చ లైటు వెలిగితేనే లోపలికి పంపుతారు. నాకు ఎర్ర లైటు వెలిగింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఎరుపే.

సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. ఇగ నా రోగం బయటపడిందనుకున్నాను. ఆయన కంపెనీ ఇచ్చిన నా బూట్లు విప్పించి లోపల చెయ్యి పెట్టి మెత్తటి ఫోం అట్టలు బయటికి లాగాడు.

"ఇవి ఎవరు పెట్టిండ్రమ్మా?"

"నేనే సార్. మడమ నొప్పికి పెట్టుకున్న. ఇంట్ల సుత గసొంటి చెప్పులే ఏసుకుంట."

ఆయన అట్టలు పక్కన పెట్టి, బూట్లు మళ్ళీ తొడుక్కోమన్నాడు. ఈసారి పచ్చ లైటు.

"చూడమ్మా, రెండు వస్తువులు ఒకదానికొకటి రాసుకుంటే చార్జ్ పుడతది. ఒకదాని మీద ఒక రకం, ఇంకోదాని మీద దానికి ఎదురు రకం. ఎదురు రకాలు గుంజుకుంటయ్, అందుకే కవరు నీ చేతికి అంటుకుంటది. నీ ఒంటి మీద చేరిన చార్జ్ ఈ బూట్ల నుంచి నేలలకి దిగిపోవాలె, ఆ లైటు చూసేది గదే. ఈ ఫోం దాన్ని దిగనిస్తలేదు. నువ్వు ఇనుమునో మనిషినో ముట్టుకుంటె అంతా ఒక్కసారి నిప్పురవ్వ లెక్క దుంకుతది."

"అంటే... నాకు రోగం లేదా సార్?"

"రోగమేంది! నువ్వు మంచిగనే ఉన్నవ్. గని గిట్లనే లోపలికి పోయి ఉంటె ఆ నిప్పురవ్వకే సెక్షన్ మొత్తం అంటుకునేది."

అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వొచ్చింది. పాపం, ఆయన పరేషాన్ అయిపోయి నీళ్ళు తెప్పించాడు.

మడమకు మెత్తగా ఉండే వేరే బూట్లు, ఆ సెక్షన్‌కి పనికొచ్చేవే, కంపెనీ ఇప్పించింది. సాయంత్రం అత్తమ్మకు సంగతంతా చెప్పాను.

"గింతేనా? నేను ఎంత బుగులువడ్డనో నీకు ఎర్కనా!" అంటూ నన్ను దగ్గరికి తీసుకుంది. మా అమ్మ జబ్బే నాకూ వచ్చిందేమోనని ఆమె కూడా మనసులోనే భయపడుతూ ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఆ పూట ఇద్దరం కడుపునిండా తిన్నాం.